కొమ్మ విరిచి నాటినవాళ్లు

పోయిన నెలలో మా అమ్మాయికి ఒకే వారంలో రెండు ప్రాజెక్టులు పడ్డాయి. సోషల్‌కి మెక్సికో, గ్వాటెమాలా వైపు మాయా నాగరికత, సైన్స్‌కి క్లోనింగ్. హాల్లో నేల మీద రెండు చార్టులూ పక్కపక్కనే పరుచుకుని కూర్చుంది. ఒకదాని మీద మెట్ల పిరమిడ్, రెండోదాని మీద తెల్ల మొహం గొర్రె. సోమవారం పొద్దున్నే ఇచ్చెయ్యాలన్న టెన్షన్‌లో జిగురు పూస్తూ, తలెత్తకుండానే అడిగింది: "అమ్మా, మాయా వాళ్ల ఎముకలు దొరికాయి కదా. వాటితో వాళ్లని మళ్లీ క్లోన్ చెయ్యొచ్చా?"

"కుదరదమ్మా" అన్నాను. దానికి ఆ జవాబు సరిపోయింది. నాకు సరిపోలేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ చిన్న ప్రశ్నలో రెండు నమ్మకాలున్నాయి. మాయా జనం అంతరించిపోయారన్నది ఒకటి. పోయినదాన్ని క్లోనింగ్ వెనక్కి తెస్తుందన్నది రెండోది. బాగా చదువుకున్న పెద్దవాళ్లు కూడా ఈ రెండూ నమ్ముతారు. నాకు రెండింటితోనూ పేచీ ఉంది. నేను రైతుబిడ్డను. క్లోనింగ్ అనే మాట వినడానికి చాలా ముందే ఆ పని చూశాను, చేశాను కూడా.

మాది పెద్దాపురం వైపు మెట్ట ఊరు. మా నాన్నగారు కర్రపెండలం వేసేవారు. దుంపలు సగ్గుబియ్యం మిల్లుకి వెళ్లేవి. దుంప తవ్వేశాక కర్రల్ని మోపులు కట్టి చెట్టు నీడన నిలబెట్టేవారు. అదును చూసి కత్తితో జానెడు ముక్కలు కోసి నాటేవారు. సెలవులిస్తే ఆ ముక్కలు అందించే పని నాది. ఆ పంటలో మేం గింజ అన్నదే ఎరగం. పోయినేటి మొక్కే ఈ ఏటి మొక్క. అరటి పిలక తీసి పెట్టినా, చెరకు ముచ్చె పాతినా, మామిడికి అంటు కట్టినా అంతే. తల్లి మొక్కలో ఏముందో కొత్త మొక్కలోనూ అదే. 'క్లోన్' అన్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే. గ్రీకు భాషలో దానికి రెమ్మ అని అర్థం. 1903లో హెర్బర్ట్ వెబర్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త, ఇలా కొమ్మ నుంచి, దుంప నుంచి పుట్టించే మొక్కల గుంపుకి ఆ పేరు పెట్టాడు. గొర్రెలు, గేదెలు చాలా తర్వాతి సంగతి.

ఇక మాయా వాళ్ల దగ్గరికి వస్తాను. అమ్మాయి చార్టు కోసం వెతుకుతుంటే పిరమిడ్లూ, రాజుల సమాధులూ, క్యాలెండర్ బొమ్మలూ బోలెడు దొరికాయి. నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది మాత్రం ఒక చిన్న పల్లెటూరు. ఎల్ సాల్వడార్ దేశంలో, మాయా ప్రపంచానికి ఆగ్నేయపు అంచున ఉన్న హోయా దె సెరెన్. సుమారు 1400 ఏళ్ల క్రితం ఒక సాయంత్రం పక్కనే ఉన్న లోమా కాల్డెరా అగ్నిపర్వతం పేలి, ఊరిని బూడిద కింద మీటర్ల లోతున కప్పేసింది. 1976లో బుల్డోజర్‌తో నేల చదును చేస్తుంటే ఒక ఇల్లు బయటపడింది. 1978లో పేసన్ షీట్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త వచ్చి చూస్తే పైకప్పు గడ్డి ఎంత బాగా నిలిచి ఉందంటే, మొదట్లో అది ఈమధ్యకాలపు ఇల్లేమో అనుకున్నారు. కార్బన్ పరీక్షలో అసలు వయసు తేలింది.

ఆ ఊరి గురించి చదువుతుంటే ఎవరింట్లోకో చెప్పకుండా వెళ్లినట్టు అనిపించింది. పడుకోవడానికి ఒక గది, సామాన్లకి ఇంకొకటి, వంటకి వేరే పాక. దూలాలకి వేలాడదీసిన మిరపకాయల దండలు. కుండల్లో చిక్కుడు గింజలు. కొట్టుగదిలో తాడుతో కట్టేసిన బాతు. గడ్డి కప్పులో దూరిన ఎలుకలు. అగ్నిపర్వతపు నల్ల గాజురాయితో చేసిన కత్తుల్ని, పిల్లలకి అందకుండా, పైన కప్పు గడ్డిలో దోపి పెట్టారు. ఇది చదివినప్పుడు మా అమ్మ చూరులో దోపిన కొడవలి కళ్ల ముందు మెదిలింది. ఊళ్లో ఆవిరి స్నానానికి ఒక మట్టి కట్టడం ఉంది. పెరట్లో జామ, కోకో, నార కోసం కిత్తలి జాతి మొక్కలు. మొక్కలు కుళ్లిపోయినచోట బూడిదలో ఖాళీలు మిగిలాయి. శాస్త్రవేత్తలు ఆ ఖాళీల్లో దంతవైద్యులు వాడే ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక తవ్వి తీశారు. అలా మొక్కజొన్న కంకులు అచ్చంగా బయటకొచ్చాయి. పొలంలో మొక్కజొన్న ఏ దశలో ఉందో చూసి, పేలుడు ఆగస్టు ప్రాంతంలో జరిగి ఉంటుందని లెక్కగట్టారు. మనుషుల శవాలు మాత్రం ఆ ఇళ్లలో లేవు. భోజనాల వేళ గిన్నెలు వదిలేసి ఊరంతా పరుగెత్తింది.

2007లో ఆ బృందానికి ఊరి బయట ఒక పొలం దొరికింది. ఎత్తుగా తోలిన బోదెలు. వాటిలో ప్లాస్టర్ పోస్తే వచ్చినవి కర్రపెండలం దుంపలు, కర్రలు. అంతమంది మాయా జనం ఏం తిని బతికారన్న ప్రశ్నకి అప్పటిదాకా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి అనే జవాబు చెప్పేవారు. దుంప కూడా తిన్నారని కొందరు వాదించినా చేతికి దొరికిన ఆధారం చాలా తక్కువ. ఇక్కడ ఏకంగా సాగుచేసిన పొలమే దొరికింది. అప్పుడే దుంప తవ్వేసి, కర్రలు ముక్కలు కోసి, మళ్లీ ఆ బోదెల్లోనే పెట్టారు. ఆ వెంటనే బూడిద వచ్చి పడింది.

అంటే అగ్నిపర్వతం పేలడానికి కాస్త ముందు వాళ్లు చేస్తున్న పని క్లోనింగ్. నేను అలంకారంగా అనడం లేదు, జీవశాస్త్రం లెక్కలో అది అక్షరాలా అదే.

జంతువుల్లో అయితే ఇది ఇంత తేలిక కాదు. మొక్క కణుపులో ఉన్న కణాలకి ఏ భాగంగా అయినా మారే శక్తి మిగిలే ఉంటుంది. జంతువులో పెరిగిన కణం ఒక పనికి స్థిరపడిపోతుంది. చర్మం చర్మమే, పొదుగు పొదుగే. జన్యువులన్నీ ఆ కణంలోనే ఉంటాయి, కానీ ఆ పనికి అక్కర్లేనివి మూతపడి ఉంటాయి. ఆ మూతల్ని తెరవగల శక్తి అండానికి ఉంది. స్కాట్లండ్‌లోని రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ బృందం చేసింది ఇదే. ఆరేళ్ల తెల్ల మొహం గొర్రె పొదుగు నుంచి కణాలు తీశారు. వాటికి తిండి తగ్గించి నిద్రావస్థలోకి పంపారు. నల్ల మొహం జాతి గొర్రె అండం తీసి, అందులోని సొంత జన్యు పదార్థాన్ని తొలగించారు. కణాన్నీ అండాన్నీ పక్కపక్కన ఉంచి విద్యుత్ తాకిడితో కలిపారు. ఇలా 277 అండాలు తయారుచేస్తే 29 పిండాలు వచ్చాయి. వాటిని 13 గొర్రెల గర్భాల్లో పెడితే బతికి పుట్టింది ఒక్కటి. 1996 జులై 5న పుట్టిన డాలీ అదే. నల్ల మొహం గొర్రె కడుపున తెల్ల మొహం పిల్ల పుట్టింది. అది తన తల్లి రూపం కాదు, కణం ఇచ్చిన గొర్రె రూపం.

గర్భంలో బిడ్డని పోషించేదాన్ని మన భాషలో 'మాయ' అంటాం. ఈ నాగరికత పేరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు, పలకడం ఒకేలా ఉందంతే. కానీ క్లోన్ పిండాలు ఎక్కువగా దెబ్బతినే చోట్లలో ఆ మాయ ఒకటి. అండం తెరవాల్సిన మూతలన్నీ సరిగ్గా తెరుచుకోకపోతే మాయ సరిగ్గా ఎదగదు, దూడ గర్భంలోనే పోతుంది. మన కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధనా సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన క్లోన్ గేదె దూడ అయిదారు రోజులకి మించి బతకలేదు. అదే ఏడాది జూన్‌లో పుట్టిన క్లోన్ దూడ గరిమ రెండేళ్లకి పైగా బతికింది. మంచి పాలిచ్చే గేదెల్నీ, మంచి దున్నల్నీ ఇలా పెంచుకోవడంలో నాకు తప్పేమీ కనపడదు. క్లోన్ అంటే సగం ప్రాణి, నీడలాంటి ప్రాణి అనుకోవడం అన్యాయం. డాలీ ఆరు పిల్లల్ని కన్నది, 2003 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల కణితితో పోయేదాకా మామూలు గొర్రెలాగే బతికింది.

మరి ఎముకల సంగతి? క్లోనింగ్‌కి నిండు కేంద్రకం కావాలి. బతికున్న కణమో, జాగ్రత్తగా గడ్డకట్టించి దాచిన కణమో ఉండాలి. వెయ్యేళ్ల ఎముకలో డీఎన్ఏ చిన్న చిన్న ముక్కలుగా తెగిపోయి ఉంటుంది. ఆ ముక్కల్ని చదవగలం, నాటలేం. గడ్డకట్టించిన కణం ఉన్నా పని అయిపోతుందని కాదు. స్పెయిన్ కొండల్లో బుకార్దో అనే అడవి మేక జాతిలో చివరిది 2000 జనవరిలో చచ్చిపోయింది. ముందే దాచిన దాని చర్మ కణాలతో 2003లో ఒక పిల్లని పుట్టించగలిగారు. ఊపిరితిత్తుల లోపంతో కొన్ని నిమిషాల్లోనే పోయింది. బతికి ఉన్నా, ఆ జాతిలో ఆడది ఒక్కటే ఉండేది. దానికి ఏ ఆకు తినాలో, మంచు పడితే ఏ లోయలోకి దిగాలో చూపించే మంద ఎక్కడుంది?

ఎముకల్ని చదవడం అన్నాను కదా. 2024లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నన్ను కదిలించింది. మెక్సికోలోని పాత మాయా నగరం చిచెన్ ఇట్జాలో, పవిత్ర బావికి దగ్గర్లో, 1967లో ఒక భూగర్భపు నీటి తొట్టె బయటపడింది. అందులో వందమందికి పైగా పసిపిల్లల ఎముకలు. వాటిలో 64 మంది డీఎన్ఏ చదివితే అందరూ మగపిల్లలే అని తేలింది. చాలామందికి మూడు నుంచి ఆరేళ్ల వయసు. వాళ్లలో రెండు జతలు ఒకే పోలిక కవలలు. మాయా గాథల్లో కవల వీరులు పాతాళానికి దిగి మృత్యుదేవతల్ని ఓడిస్తారు. ఆ కథకీ ఈ బలులకీ సంబంధం ఉండొచ్చని పరిశోధకులు అంటున్నారు.

ఒకే పోలిక కవలలంటే ప్రకృతి చేసిన క్లోన్లు. ఒకే అండం రెండుగా విడిపోయి ఇద్దరవుతారు. ఆ పిల్లల్ని ఎంచిన పూజారులకి వాళ్లిద్దరూ ఒక జత, ఒక గుర్తు. కన్నతల్లికి మాత్రం ఎవరు ముందు నడిచారో, ఎవరు రాత్రి లేచి ఏడ్చేవారో తెలిసే ఉంటుంది. నకలు తీస్తే మనిషి తిరిగొస్తాడని వాదించేవాళ్లకి నేనిచ్చే జవాబు ఇదే. కవలల్ని కన్న ఏ తల్లినైనా అడగండి. టెక్సాస్‌లో 2001 డిసెంబరులో పుట్టిన తొలి క్లోన్ పిల్లికి కణం ఇచ్చిన పిల్లి ఒంటి మీద నారింజ రంగు మచ్చలున్నాయి. క్లోన్‌కి ఆ నారింజ రానేలేదు. ఆడపిల్లుల్లో ఏ కణంలో ఏ ఎక్స్ క్రోమోజోమ్ మూతపడిందన్నదాన్ని బట్టి ఆ మచ్చలు పడతాయి. జన్యువులు ఒకటే అయినా బొచ్చు రంగే కుదరలేదంటే ఇక స్వభావం మాటేమిటి?

చిచెన్ ఇట్జా పిల్లల మీద జరిగిన ఆ పరిశోధనలో ఇంకో సగం ఉంది. ఆ పిల్లల డీఎన్ఏని దగ్గర్లోని టిష్‌కాకాల్‌తుయూబ్ అనే ఊరి మాయా ప్రజల డీఎన్ఏతో పోల్చారు. సంబంధం స్పష్టంగా కనపడింది. ఆ పిల్లల జనం పోలేదు, అక్కడే ఉన్నారు. ఈ రోజు మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ ప్రాంతాల్లో 60 లక్షలకి పైగా మాయా ప్రజలున్నారు. ముప్ఫై దాకా మాయా భాషలు మాట్లాడుతున్నారు. 9వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు, రాజుల పతనం కలిసి తికాల్ లాంటి దక్షిణపు నగరాలు ఖాళీ అయిన మాట నిజం. నగరం ఖాళీ అయితే జనం చచ్చిపోయినట్టా? చివరి మాయా రాజ్యపు రాజధాని నోహ్‌పెతెన్ స్పెయిన్ వాళ్ల చేతికి చిక్కింది 1697లో. మొన్నటి గ్వాటెమాలా అంతర్యుద్ధంలో రెండు లక్షలమందికి పైగా చంపబడ్డారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. పేరు తెలిసిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలేనని 1999లో సత్యశోధన కమిషన్ తేల్చింది. "అంతరించిపోయిన మాయా జాతి" అని పిల్లల చేత రాయించినప్పుడల్లా ఈ చావుల్ని మనం కనపడకుండా చేస్తున్నాం. నాకు కోపం వచ్చేది అందుకే.

శరీరం వేరు, బతుకు వేరు అనడానికి మాయా వంటింట్లోనే నాకు పెద్ద సాక్ష్యం దొరికింది. వాళ్లు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రాతి మీద నూరి రొట్టె చేసుకుంటారు. సున్నంతో పొట్టు ఊడొస్తుంది, పిండి జిగురుగా కలుస్తుంది. ముఖ్యంగా, గింజలో బిగుసుకుపోయి ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేలా విడుదలవుతుంది. యూరప్ వాళ్లు అమెరికాల నుంచి మొక్కజొన్న తీసుకెళ్లారు. సున్నం పద్ధతి తీసుకెళ్లలేదు. ఉత్తర ఇటలీలోనూ, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మొక్కజొన్న మీదే బతికిన పేదలు, నియాసిన్ లోటుతో వచ్చే పెల్లాగ్రా జబ్బుతో చర్మం పగిలి, మతి చెడి, వేలల్లో పోయారు. గింజ మారలేదు. గింజతోపాటు అమ్మమ్మలు రాకపోవడం వల్ల ఆ చావులు.

ఆ గింజ సంగతీ చెప్పాలి. మొక్కజొన్న కంకిలో కనిపించే ప్రతి పీచూ ఒక్కో గింజకి దారి. గాలికి వచ్చిన పుప్పొడి ఏ పీచు మీద పడితే ఆ గింజకి ఆ మొక్క తండ్రి. ఒకే కంకిలో పక్కపక్క గింజలకి తండ్రులు వేరు కావచ్చు. అందుకే ఆ నేలల్లో తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు కంకులు. కిచే మాయా ప్రజల సృష్టిగాథ 'పోపొల్ వుహ్'లో దేవతలు మనిషిని మట్టితో చేస్తే కరిగిపోయాడు, కర్రతో చేస్తే మాట్లాడాడు కానీ మనసు లేదు. చివరికి పసుపు, తెలుపు మొక్కజొన్న పిండి కలిపితే మనిషి నిలిచాడు. కర్ర మనుషుల మీదికి వాళ్ల కుండలూ రోళ్లూ కుక్కలూ తిరగబడతాయి. ఆ కథలో నాకు బాగా గుర్తుండిపోయిన చోటు అది.

సెరెన్ రైతు ఒక పొలంలో కొమ్మ నాటాడు, పక్క పొలంలో గింజ వేశాడు. ఒకటి ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెడుతుంది, రెండోది ఏటా కొంచెం మారుతుంది. నా వాదన అంతా ఈ రెండు పొలాల మధ్యే ఉంది. క్లోనింగ్ దేవుడి పనిలో జోక్యం అని భయపెట్టేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. అది కొమ్మ విరిచి నాటడమే. నా భయం వేరు. పొలం మొత్తం ఒకే కొమ్మ అయితే?

అది జరిగింది, మాయా నేల మీదే. గ్వాటెమాలాలో మోతాగువా లోయలో కిరిగ్వా అనే నగరం ఉండేది. 738లో దాని రాజు తనకంటే చాలా పెద్దదైన కోపాన్ రాజుని పట్టుకుని చంపించాడు. పదిన్నర మీటర్ల ఎత్తు శిల ఒకటి ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. 1910 నాటికి ఆ శిథిలాల చుట్టూ భూమి, అరటి తోటలు వేసే అమెరికా సంస్థ యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ చేతికొచ్చింది. మధ్య అమెరికాలో అలాంటి తోటల నిండా ఒకే రకం అరటి, గ్రో మిషెల్. అన్నీ పిలకలే, అంటే అన్నీ ఒకే మొక్క. పనామా తెగులు ఒక మొక్కని చంపగలిగితే అన్నింటినీ చంపగలదు. 1960ల కల్లా ఆ రకం ఎగుమతి వ్యాపారమే ముగిసింది. దాని చోట కావెండిష్ వేశారు. అదీ పిలకలతో, టిష్యూ కల్చర్‌తో పెంచే ఒకే మొక్క. ఇప్పుడు దాన్నీ పట్టే కొత్త రకం పనామా తెగులు దేశదేశాల్లో పాకుతోంది.

ఇది నాకు పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. రావులపాలెం లంకల్లో మా మావయ్యకి అమృతపాణి తోట ఉండేది. ఆ పండు వాసన ఇంటి బయటికే వచ్చేది. ఒక ఏడాది కింది ఆకులు పసుపురంగు తిరిగి, కాడ దగ్గర విరిగి, చెట్టు చుట్టూ పావడాలా వేలాడాయి. బోదె కోసి చూస్తే లోపల ఎర్రటి చారలు. మావయ్య కత్తి కింద పెట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఒక్కటి కూడా తట్టుకోలేదేంట్రా" అని మా అన్నయ్యతో అన్నమాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. తట్టుకోవడానికి వేరే మొక్క ఏదీ అక్కడ లేదు.

మా అమ్మాయి చార్టు మీద "అంతరించిపోయిన" అన్న మాట కొట్టేసింది. టీచర్ మార్కులు తగ్గిస్తుందేమోనని బెంగపడింది కానీ కొట్టేసింది. సైన్స్ చార్టులో గొర్రె కింద కొంచెం చోటుంటే, కర్రపెండలం మొక్క బొమ్మ వేసింది. అది ఎలా ఉంటుందో ఇద్దరం వాదించుకుని, చివరికి మా నాన్నగారికి ఫోన్ చేశాం. సెరెన్ పొలం గురించి అంతా చెప్పాను. పద్నాలుగు వందల ఏళ్లు అన్నాను, బూడిద అన్నాను, ప్లాస్టర్ పోసి తీశారన్నాను. ఆయన మధ్యలో ఏమీ అనకుండా విన్నారు.

"ముక్కలు నిలబెట్టి పాతారా, పడుకోబెట్టారా?" అని అడిగారు.

"పడుకోబెట్టారు నాన్నా."

కాసేపు ఆగి, "మేం నిలబెడతాం. పిల్లకి చెప్పు, బొమ్మ అలాగే వెయ్యమను" అన్నారు.